కొలువు పోయింది, ఇప్పుడన్నా రాయాల్నా అక్కా?

ఈసారి ఉత్తరం హన్మకొండ నుంచి. పేరు పెట్టొద్దన్నడు, పెడ్తలేను, వాళ్ల సొంతూరి పేరు, ఇంకో రెండు మూడు గుర్తులు కూడా నేనే తీసేసిన. చేతిరాత, నాలుగు కాగితాలు, రెండు దిక్కులా. మొత్తం ఇక్కడ పట్టది గానీ సంగతి ఇది.

ఆయనకు 44 ఏండ్లు. బీయస్సీ చదివి అవీ ఇవీ చేసి, చివరికి ఒక విత్తనాల కంపెనీల ఫీల్డు ఉద్యోగం పట్టిండు, 11 ఏండ్ల 4 నెలలు చేసిండు. పరకాల, శాయంపేట, ములుగు, నర్సంపేట, రోజంతా బండి మీదనే, పత్తి విత్తనాలు, మక్క విత్తనాలు, డీలర్ల కాడ స్టాకు లెక్క, సాయంత్రం ఊర్లల్ల రైతుల మీటింగు, నెలాఖరుకు టార్గెట్. మొన్న ఏప్రిల్‌ల సీజన్ ఇంకా మొదలు కాకముందే హైదరాబాద్‌కు పిలిచిన్రు, రెండు ఏరియాలు కలిపి ఒకటి చేస్తున్నం అన్నరు, చాయ్ ఇచ్చి రాజీనామా రాయించుకున్నరు. భార్య ప్రైవేట్ స్కూల్ల టీచరు, 16 వేలు. బిడ్డ ఇంటర్ సెకండియర్, కొడుకు ఎనిమిది. అమ్మకు 70, షుగర్ ఉన్నది, వీళ్ల దగ్గర్నే ఉంటది. ఇల్లు సొంతది కాబట్టి కిరాయి లేదు, అయినా ఎంత గుంజి పట్టినా నెలకు 32 వేలు అయితున్నయట.

భార్యకు తెలుసు. అమ్మకు తెల్వదు, అత్తగారోళ్లకు తెల్వదు, వాడకట్టుల ఎవ్వరికీ తెల్వదు. పొద్దున ఎనిమిదిన్నరకు బూట్లు వేసుకొని, బ్యాగు తగిలించుకొని, టిఫిన్ బాక్సు పెట్టుకొని బండి తీస్తడు. అమ్మ గేటు కాడికి వచ్చి అడుగుతదట, "ఇయ్యాల ఏ ఊరు బిడ్డా" అని. ఏదో ఒక ఊరు చెప్తడు. "నిన్న చెప్పిన ఊరు మళ్లీ చెప్పకుండ చూసుకుంటున్న అక్కా" అని రాసిండు. ఆడికెళ్లి సీదా రాజరాజ నరేంద్ర భాషా నిలయం లైబ్రరీకి పోయి కూసుంటడు, బాక్సు తినెటప్పుడు భద్రకాళి చెరువు కట్టకు పోతడు, సాయంత్రం ఆరున్నరకు ఇంటికి.

ఇగ రాసుడు సంగతి. వాళ్ల బాపుకు 1990లల్ల పరకాల దిక్కు ఒక ఊర్ల పురుగుమందుల షాపు ఉండేది. ఆ కాలంల అందరు షాపోళ్ల లెక్కనే ఉద్దెర ఇచ్చెటోడు, పత్తి ఎనుమాముల మార్కెట్‌కు పోయి పైసలు చేతికొచ్చినంక కట్టాలె, మీదికెళ్లి మిత్తి. 1997 వానాకాలం పత్తి మీద పురుగు పడ్డది, ఆ తర్వాత జిల్లాల ఏమైందో చదివెటోళ్లల్ల నలభై దాటినోళ్లకు నేను చెప్పక్కర లేదు, మిగిలినోళ్లకు చెప్తున్న, పత్తి రైతులు మస్తుమంది ప్రాణాలు తీసుకున్నరు. షాపు 2000ల మూసేసిన్రు, బాపు 2011ల పోయిండు. అటుక మీద రేకు పెట్టెల 1997 యాడాది ఖాతా బుక్కు ఒకటి మిగిలింది, ఎర్ర గుడ్డ అట్ట, మొదటి పేజీల పసుపు కుంకుమ బొట్లు, లోపల ఊరోళ్ల పేర్లు, పేర్ల కింద "మోనో 2 లీటర్లు, సైపర్ అర లీటరు, పంపు రిపేరు 40" ఇట్ల. ఆ ఊరి మీద, ఆ షాపు మీద, వాళ్ల బాపు మీద నవల రాయాలని పదిహేనేండ్ల సంది అనుకుంటున్నడు. కంపెనీ ఇచ్చిన డైరీలల్ల మూడు నిండ నోట్సు ఉన్నదట, నవల మాత్రం తొమ్మిది పేజీలు దాటలేదు. అండ్ల మొదటి పేజీ నాకు జిరాక్సు తీసి పెట్టిండు.

అడిగింది ఏందంటే, ఉద్యోగం ఎట్లనో పోయింది, సెటిల్మెంట్ పైసలు వస్తయ్, ఒక్క యాడాది అన్నీ పక్కకు పెట్టి నవల రాసుకోవచ్చా అని. తమ్ముడైతే "పుస్తకం రాస్తే పొయ్యి మీద గిన్నె ఎక్కుతదా" అన్నడట. భార్య "రాస్కో, ఎవరొద్దన్నరు" అని లోపలికి పోయిందట, అది సరే అనుడా కాదు అనుడా తెలుస్తలేదట. రాత్రి రెండింటి దాకా నిద్ర వస్తలేదట. చివర్ల చిన్నక్షరాలతోని ఇంకో ముచ్చట, ఖాతా బుక్కుకు ఒక మూలకు చెదలు పట్టింది, ఏం చెయ్యాలె అని.

తమ్మీ, అక్కా అని రాసినవ్ కాబట్టి నువ్వు అనే అంటున్న, ఏమనుకోకు.

ముందుగాల పైసల సంగతి తెంపుకుందాం, ఎందుకంటే అది తేలకపోతే మిగిలింది ఏం మాట్లాడినా గాలి మాటనే. రాజీనామా రాయించుకున్నరు కాబట్టి ఏం రాదేమో అని ఒక దగ్గర భయపడ్డవ్. ఐదేండ్లు దాటిన సర్వీసుకు గ్రాట్యుటీ, అంటే పని విడిచినప్పుడు కంపెనీ ఇయ్యాల్సిన పైసలు, హక్కు, రాజీనామా చేసినా పోదు. లెక్క సులువు, చివరి బేసిక్ (డీఏ ఉంటే అది కలిపి) 15 తోటి గుణించి, 26 తోటి భాగించి, సర్వీసు ఏండ్లతోటి గుణించాలె. నీ బేసిక్ 18 వేలు అని రాసినవ్, 11 ఏండ్లు, అంటే దగ్గర దగ్గర 1 లక్షా 14 వేలు. 30 రోజుల్ల ఇయ్యాలె, నీకు రెండు నెలలు దాటింది, కాబట్టి రేపే రాతపూర్వకంగ అడుగు, ఫోన్ల కాదు. ఇయ్యకపోతే లేబర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేటైనందుకు వడ్డీ కూడ అడగొచ్చు. పీఎఫ్ జోలికి మాత్రం ఇప్పుడే పోకు. అట్లనే ఉంచితే వడ్డీ వస్తనే ఉంటది, 2024-25కు 8.25 శాతం ఇచ్చిన్రు, ఏ పెద్ద బ్యాంకు ఎఫ్‌డీ ఇస్తది అంత? పదేండ్లు దాటింది కాబట్టి పెన్షన్ భాగం కూడ నీకు 58కి పనికొస్తది. ఇంకోటి నువ్వు అసలు రాయనే లేదు, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు నీ ఉద్యోగంతోనే పోయింది, అమ్మకు షుగర్, ఇంట్ల ఐదుగురు. ఆరోగ్యశ్రీకి మీ కార్డు నడుస్తదో లేదో చూసుకో, లేకపోతే చిన్నదో పెద్దదో ఒక పాలసీ తీస్కో, గ్రాట్యుటీల పోయే మొదటి పైసలు అవే కావాలె.

ఇప్పుడు నువ్వే లెక్క చెయ్యి. ఖర్చు 32, ఆమె జీతం 16, తక్కువ పడేది నెలకు 16 వేలు. లక్షా 14 వేలను 16 తోటి భాగిస్తే ఏడు నెలలు. యాడాది అన్నవ్, యాడాది లేదు నీ దగ్గర. ఇన్సూరెన్సు తీస్తే, బిడ్డ ఎంట్రెన్స్ కోచింగ్ అంటే, ఆరు నెలలు కూడ ఉండవు. సంక్రాంతికి ఇంకా నెల ఉండంగనే అయిపోతయ్.

పైసలు ఉన్నా యాడాది మొత్తం రాసుడు మంచిదా అంటే, నేను చూసింది చెప్తా. ఇరవై ఏండ్లు ఒక ప్రెస్సుల ప్రూఫులు దిద్దిన నేను. రిటైరైన సార్లు, వీఆర్ఎస్ తీస్కున్నోళ్లు, మస్తు మంది కట్టలు పట్టుకొని వచ్చెటోళ్లు. పొద్దంతా టైమున్నోళ్లు పొద్దంతా రాసిన్రు అనుకుంటున్నవా, లేదు, మూడు గంటలు మించి ఎవ్వరూ రాయలేరు, మిగిలిన పొద్దంతా రాయలేకపోతున్నం అని బాధపడుడే. ఒక సారు ఆరు వందల పేజీలు తెచ్చిండు, దినకరుడు అస్తమించెను, విహంగములు గూళ్లకు చేరెను, అంతా అట్లనే. మధ్యల ఒక్క పేజీ, వాళ్ల నాయన అంగట్ల ఎద్దు అమ్మి ఇంటికొచ్చి ఖాళీ పలుపుతాడు గూటానికే కట్టిండట, అది చదివి నేను ప్రూఫు ఆపి కూసున్న. ఆ పేజీ ఆయనకు గుర్తే లేదు, అడిగితే "అదా, అది తీసేద్దామా మేడం" అన్నడు. ఐదు వందల కాపీలు సొంత పైసలతోని వేయించుకున్నడు. తెలుగుల పుస్తకం అంటే ఎక్కువమందికి గట్లనే, చేతి పైసలే పెట్టుకోవాలె, డిసెంబర్‌ల హైదరాబాద్ బుక్ ఫెయిర్ల నాలుగు కాపీలు పోతయ్, మిగిలినయి మంచం కిందికి. కాబట్టి ఈ నవల వస్తే దాంతోని ఇల్లు గడుస్తది అని మాత్రం అనుకోకు, ఈ ఒక్క ముచ్చటల మీ తమ్ముడు అన్నది కరెక్టే.

నాకు అనుమానం ఏందంటే, నువ్వు ఆ నవలను ఉద్యోగం జాగల కూసోబెడ్తున్నవ్. ఎవరన్నా "ఏం చేస్తున్నవ్" అంటే చెప్పుకోనీకి ఒకటి కావాలె గదా, నవల రాస్తున్న అంటే గౌరవంగ ఉంటది. తప్పేం లేదు, కొలువు పోయినోనికి ఆ మంట ఎట్లుంటదో నాకు తెలుసు, ఆ ప్రెస్సు మూతపడ్డప్పుడు నేను కూడ ఆరు నెలలు "చదువుకుంటున్న" అని చెప్పుకున్న. కానీ అంత బరువు పుస్తకం మీద పెడితే రోజు సాయంత్రం దాన్ని చూసి ఎన్ని పేజీలు అయినయ్ అని టార్గెట్ లెక్కపెడ్తవ్, కంపెనీల పెట్టినట్టే.

మరి ఏం చెయ్యొచ్చు. నువ్వు అనుకున్నట్టు పూర్తిగ రాసుకునుడు ఒకటి, కానీ యాడాది కాదు, నాలుగు నెలలు, దసరా దాటి కార్తీకం దాకా. ఖర్చు 64 వేలు, మిగిలిన 50 చేతిల ఉంటయ్. దీంట్ల కష్టం ఏందంటే ఈ వానాకాలం సీజన్ పోతది, మళ్లా మీ లైన్ల మనుషులను తీసుకునేది జనవరి ఫిబ్రవరి సంది, అప్పటికి దగ్గర దగ్గర పది నెలల గ్యాప్, ఇంటర్వ్యూల అడుగుతరు, 44 ఏండ్లకు అడిగే తీరు వేరే ఉంటది. లేకపోతే ఇప్పుడే ఏ కంపెనీల దొరికితే అండ్ల చేరుడు, జీతం నాలుగైదు వేలు తగ్గినా సరే. ఇల్లు నిమ్మళంగ ఉంటది, అమ్మకు చెప్పే పని కూడ పడదు, బుక్కు మళ్లా అటుక మీదికి పోతది, 50 ఏండ్లకు మళ్లా నాకే ఉత్తరం రాస్తవ్. ఇది కూడ తప్పని నేను అనను, బిడ్డ డిగ్రీ అయ్యేదాకా ఆగుత అనేటోళ్లు మస్తుమంది, వాళ్లు పిరికోళ్లు కాదు.

మూడోది నీ పనిల్నే ఉన్నది, నువ్వు చూడలేదు అంతే. మీది సీజన్ పని. మిర్గం (మృగశిర కార్తె) ముందట సంది ఆగస్టు దాకా మనిషికి ఊపిరి ఆడది, తర్వాత తగ్గుతది. పదకొండేండ్ల సంది ఏ ఊర్ల ఏ భూమి, ఏ డీలరు ఎసొంటోడు, నీకు తెలిసినంత ఆ హైదరాబాద్ ఆఫీసుల ఎవ్వరికి తెల్వదు. సీజన్ వరకే మనుషులను పెట్టుకునే కంపెనీలు ఉన్నయ్, పెద్ద డీలర్లు ఉన్నరు, రైతుల సంఘాలు పెట్టిన కంపెనీలు ఉన్నయ్. ఐదారు నెలలు గట్టిగ చేసి మిగిలిన నెలలు రాసుకోవచ్చు. దీంట్ల పీఎఫ్ ఉండదు, ఇన్సూరెన్సు ఉండదు, ఖాళీ నెలలల్ల ఇల్లంతా ఆమె జీతం మీద పడ్తది, అంటే ఆమె ఒప్పుకోకుండ ఇది నడవది. నేనైతే దీని దిక్కే మొగ్గుత. కానీ ఇల్లు నడిపేది నేను కాదు.

ఆమె "రాస్కో, ఎవరొద్దన్నరు" అన్నది అని దాని అర్థం నన్ను అడుగుతున్నవ్. నాకేం తెలుస్తది తమ్మీ. కానీ ఒకటి చూడు, నువ్వు ఆమెకు ఏం చెప్పినవ్? రాసుకుంట అన్నవ్. ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, అది అయిపోతే ఏంది, ఒక్క అంకె చెప్పలేదు. నెలాఖరుకు పాల బిల్లు, కరెంటు బిల్లు ఎవరి చేతిల ఉంటదో వాళ్లకు అంకె కావాలె. పైన రాసిన లెక్కంతా ఒక కాగితం మీద వేసి, ఈ మూడు తొవ్వలల్ల ఏది అని ఆమెనే అడుగు, తేదీ పెట్టి అడుగు. అప్పుడు ఆమె వద్దంటే అది నిజమైన వద్దు, సరే అంటే నిజమైన సరే.

ఇగ నవల. మొదటి పేజీ పంపినవ్ గదా, "కాకతీయ చక్రవర్తుల ఏలుబడిలో విరాజిల్లిన ఓరుగల్లు గడ్డపై" అని మొదలైతది. మంచిగ లేదు తమ్మీ, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరం దానికంటే నూరు పాళ్లు మంచిగున్నది. "ఇయ్యాల ఏ ఊరు బిడ్డా" అనే ఒక్క మాటల మీ అమ్మ నాకు కండ్ల ముందర నిలబడ్డది, ఆ గేటు కూడ కనపడ్డది. పరకాల కాడ పురుగుమందుల షాపు పెట్టుకున్న మనిషికి కాకతీయులు ఎందుకు? బాపు ఖాతా బుక్కుల ఎట్ల రాసిండో, ఉద్దెర అని, చెల్లు అని, మీ ఇంట్ల ఎట్ల మాట్లాడుతరో గట్ల రాయి. మడికొండల పెరిగిన కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, మనకు భాషా దినోత్సవం. ఆ రోజు స్కూళ్లల్ల పాటలు పాడిస్తం, కలం పట్టంగనే మళ్లా విరాజిల్లుతం.

నవల అని పేరు కూడ ఇప్పుడే పెట్టకు. నీ దగ్గర ఉన్నది ఒక ఖాతా బుక్కు, మూడు డైరీలు. అది నవల అయితదో, జ్ఞాపకాలు అయితయో, ఒక్క నలభై పేజీల కథ అయితదో రాస్తె గానీ తెల్వది.

ఇప్పుడు అసలు ముడి కాడికి వస్త. పదిహేనేండ్లు టైం దొరకలేదు అన్నవ్. మూడు డైరీలు నింపినోనికి టైం దొరకకుండ ఎట్లుంటది? నీ ఉత్తరంల మూడో కాగితం వెనక, నడుమ, ఊకెనే చెప్పినట్టు నాలుగు వాక్యాలు రాసినవ్, నేను పైన సంగతి చెప్పినప్పుడు కావాలనే వదిలేసిన. ఖాతా బుక్కుల ఒక పేరు ఉన్నది. బాకీ 8,460. దాని మీద అడ్డంగ గీత కొట్టి పక్కన మీ బాపు చేతిరాతతోని "చెల్లు" అని ఉన్నది. పైసలు కట్టినట్టు జమ మాత్రం ఏ పేజీల లేదు. ఆ బాకీ ఉన్నాయన 1998 జనవరిల పురుగుమందు తాగి చచ్చిపోయిండు. "బుక్కు తెరుస్త, ఆ పేజీ దాకా పోత, మూస్త" అని నువ్వే రాసినవ్. అది మీ షాపు మందేనా అనేది నీకు తెల్వదు. బాపు చెల్లు అని ఎప్పుడు రాసిండో, ఎందుకు రాసిండో తెల్వదు, మనిషి పోయినంక ఇగ రాదని కొట్టేసిండా, వాళ్ల ఇంటికి పోయి వద్దని చెప్పి వచ్చిండా, భయపడి కొట్టేసిండా. పదకొండేండ్లు పత్తి విత్తనాలు అమ్ముకుంట ఆ ఊరికి ఎన్నోసార్లు పోయినవ్, ఆ ఇంటి ముందట బండి ఆపలేదు.

నిన్ను ఆపింది టైం కాదు, ఆ పేజీ. నువ్వు రాయాల్సింది కూడ అదే, నాకైతే ఇంకోటి కనపడ్తలేదు. 97-98ల పత్తి రైతుల చావుల మీద అప్పట్ల పేపర్లు రాసినయ్, వరంగల్ పేరు దేశమంతా తెలిసింది, పురుగు మందుకు లొంగలేదని, నకిలీ మందులని, షాపోళ్ల మిత్తిలని, తర్వాత 2002ల బీటీ పత్తి వచ్చింది, దాని మీద ఇంకో యుద్ధం. మందు అమ్మిన షాపు ఇంటి కొడుకు, తర్వాత తనే విత్తనాలు అమ్మినోడు, ఆ దిక్కు కూసొని రాసింది నేనైతే చదవలేదు. అట్లని బాపును ముద్దాయిని చెయ్యమంటలేను, దేవుణ్ని చెయ్యమంటలేను. చెల్లు అనే ఆ ఒక్క మాట ఎందుకు రాసిండో కనుక్కో అంటున్న.

ఎవర్ని అడుగుతవ్ అంటే, బతికున్నోళ్లల్ల ఒక్క మనిషి ఉన్నది. షాపుల కూసొని గల్లా చూసింది, బాపుతోని రాత్రిళ్లు ఆ లెక్కలు మాట్లాడింది, మీ అమ్మ. ఆమెను ఎందుకు అడగలేకపోతున్నవో ఆలోచన చేసినవా? పదకొండు గంటలకు ఇంట్ల ఉండాలె, ఆమె పక్కన కూసోవాలె, బుక్కు ఒళ్లె పెట్టాలె. నువ్వేమో ఆ టైముకు శాయంపేటల ఉన్నవ్, లేకపోతే నర్సంపేటల. కొలువు సంగతి దాచినంత కాలం ఆ పేజీ సంగతి అడగలేవు. నీకు రెండు వేరే వేరే కష్టాలు అనిపిస్తున్నయ్ గానీ దారం ఒక్కటే.

అమ్మకు చెప్తె బీపీ పెరుగుతది, షుగర్ పెరుగుతది అని భయం రాసినవ్. ఉండొచ్చు. కానీ షాపు మూతపడ్డప్పుడు ఇల్లు నడిపిన మనిషి ఆమె, మీ ఇద్దరిని చదివించిన మనిషి. నువ్వు చెప్పకపోతే ఒకనాడు ఎవడో డీలరు ఎదురుపడి "మీ కొడుకు ఇప్పుడు వస్తలేడేందమ్మా" అంటడు, అది ఎక్కువ దెబ్బ. ఇంకో ముచ్చట, నా మనసుకు వచ్చింది అంటున్న, ఆమెకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. రెండు నెలల సంది ఎండల తిరిగొచ్చిన బండి మీద దుమ్ము ఎందుకు లేదో చూడని తల్లి ఉంటదా? రోజూ గేటు కాడికి వచ్చి ఏ ఊరు అని అడుగుడు నువ్వు చెప్తవేమో అని కావొచ్చు. నాది తప్పైనా కావొచ్చు, నువ్వే చూసుకో.

ఆ చచ్చిపోయినాయన కుటుంబం సంగతి మాత్రం నిదానంగ. డైరీ పట్టుకొని సీదా వాళ్లింటికి పోకు. ముందు అమ్మ చెప్పింది విను, తర్వాత ఆ ఊర్ల మీ రెండిండ్లకు తెలిసిన పెద్దమనిషిని ఎవర్నన్నా పట్టుకొని కబురు పంపు, వాళ్లు రమ్మంటే పో. పోయినప్పుడు పుస్తకం ముచ్చట దాచకు, చెప్పే అడుగు. వద్దంటే రెండు తొవ్వలు. పేరు, ఊరు, కులం, పిల్లల సంఖ్య అన్నీ మార్చి కథ లెక్క రాయొచ్చు, అయినా ఊరోళ్లు గుర్తుపడ్తరు, ఆ మాట పడనీకి సిద్ధంగ ఉండాలె. లేకపోతే ఆ ఇంటిని ముట్టకుండ మీ ఇంటి లోపలి సంగతి వరకే రాసుకోవచ్చు, బాపు ఆ గీత కొట్టిన రాత్రి ఇంట్ల ఏం జరిగింది అని. రెండోదే నిజాయితీగ ఉంటది అనుకుంట, కష్టం కూడ అదే. నువ్వు చూడని వాళ్ల దుఃఖం ఊహించి రాసుడైతే నాకు ఇష్టం లేదు, ఆ ఇంటామె తన భర్త శవం పక్కన ఏమనుకున్నదో నీకెట్ల తెలుసు?

నిద్ర సంగతి. రెండు నెలల సంది రాత్రి రెండింటి దాకా మేల్కొని, పగలు అందరికి అబద్ధం చెప్పుకుంట, చావుల లెక్కల పుస్తకం తిరగేసుకుంట ఉంటే ఎంత గట్టి మనిషికైనా లోపల దెబ్బ తాకుతది. డాక్టరుకు చూపించుకో. రాత్రిపూట మరీ కష్టంగ అనిపిస్తే 14416 అని టెలీ మానస్ నంబరు ఉన్నది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ఆ పేజీ మాత్రం పొద్దున తెరువు, రాత్రి తెరవకు.

భాషా నిలయంల కూసుంటున్నవ్ అంటే సంతోషమైంది, 1904 సంది ఉన్న జాగ, నిజాం కాలంల తెలుగు పుస్తకం కోసం మన పెద్దలు కట్టుకున్నది. అమ్మకు చెప్పినంక కూడ పో, కానీ పొద్దున రెండు గంటలే, ఆ రెండు గంటలు రాసుకో, తర్వాత పని వెతుకు, సాయంత్రం బండి మీద దుమ్ము పడేటట్టు నలుగురు డీలర్లను కలువు. బూట్లు ఇష్టమైతే వేసుకో.

ఇగ చెదలు. వానలు పట్టకముందే చెయ్యి ఈ పని. బుక్కును రేకు పెట్టెలకెళ్లి తీసి నీడకు గాలి తగిలే జాగల ఆరబెట్టు, ఎండల పెట్టకు, సిరా పోతది, కాగితం పెళుసైతది. మెత్తటి బ్రష్షుతోని మట్టి దులుపు, అంటుకున్న పేజీలను బలంగ గుంజకు. పురుగుమందు అస్సలు కొట్టకు, చేతులతోని పట్టుకొని చదివే బుక్కు అది. ప్లాస్టిక్ కవర్ల చుట్టొద్దు, లోపల తేమ ఆగి బూజు పడ్తది, పాత నూలు గుడ్డల చుట్టి, పెట్టెను గోడకు ఆనకుండ, నేల మీద కాకుండ పెట్టు. అంతకన్నా ముందు ప్రతి పేజీ ఫోటో తీసుకో, కిటికీ పక్కన, పగటి వెలుతుర్ల, ఫ్లాష్ లేకుండ, ఖాళీ పేజీలు కూడ వదలకుండ. పేజీ పట్టుకోనీకి ఇంకో మనిషి కావాలె, ఒక్కనితోని కాదు. అమ్మను కూసోబెట్టుకో.